మేడ దిగిన అడుగులు

రేడియో స్టేషనులో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. నాటకాలకు చప్పుళ్లు చేసే మనిషి ఆమె సొంత మరిది. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున అతను కారిడారు ఆ చివరి నుంచి "వదినా, టీ తాగుతావా?" అని కేకేశాడు. ఆ కేక అన్ని గదుల్లోకీ దూరింది. సాయంత్రానికల్లా గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన, ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు, "వెళ్తున్నావా వదినా?" అని పలకరించాడు. ప్రొడ్యూసరు మర్యాదస్తుడు కాబట్టి "వదినగారూ" అనేవాడు. అంతే తేడా.

ఆమె భర్తకు ఇంటి ముందు గదిలో టైపు నేర్పే చిన్న బడి ఉండేది. మూడు మిషన్లు, ఆరు స్టూళ్లు. పెళ్లయిన కొత్తలో ఊసుపోక కూర్చుని నేర్చుకుంది. ఏడాది తిరక్కుండానే ఆయన కన్నా వేగంగా కొట్టసాగింది. వకీళ్లూ డాక్టర్లూ రాసిచ్చే చిత్తు కాగితాలు ఆయనకు కొరుకుడు పడకపోతే ఆమె చేతికిచ్చేవాడు. ఆమె ఒకసారి కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఒకసారి దగ్గరగా పట్టుకుని చదివేసేది. ఆయన ఒకనాటి పొద్దున మిషనుకు రిబ్బను మారుస్తూ మారుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆమెకప్పుడు ముప్పై ఏళ్లు. పిల్లల్లేరు. ఇంట్లో అత్తగారూ, మరిదీ, ఆమే మిగిలారు.

ఆర్నెల్లు గడిచాక మరిది ఒకరోజు చెప్పాడు.

"వదినా, మా స్టేషన్లో టైపిస్టు కావాలంట. ఇప్పటికి ఆరుగురు వచ్చి పోయారు."

"ఎందుకు పోయారు?"

"నాటకాలు రాసే మేష్టారున్నాడు కదా, ఆయన రాత చదవలేక. అది రాత కాదు వదినా. కోడి బురద తొక్కి వచ్చి కాగితం మీద షికారు చేసినట్టుంటుంది."

పరీక్ష రోజున ప్రొడ్యూసరు ఆమె ముందు ఒక పేజీ పెట్టాడు. పక్కనే ఆ రాత తాలూకు మనిషి, సన్నగా పొడుగ్గా, కుర్చీలో సగం జారిపోయి కూర్చున్నాడు. ఆయన్ని కూడా స్టేషనులో అసలు పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఎదురుగా మేష్టారు, వెనకాల కోడిగీతల మేష్టారు. ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది. టకటకా కొట్టుకుంటూ పోయి చివర్లో ఆగింది.

"మేష్టారూ, ఇక్కడ 'గుర్రం తలుపు తట్టింది' అని ఉంది. గుర్రమా, గుమాస్తానా?"

ఆయన కాగితం లాక్కుని చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు.

"నాకే తెలీటం లేదమ్మాయ్. నువ్వేమంటావ్?"

"గుమాస్తా అయితే తర్వాతి మాటకు అర్థముంటుంది."

"అయితే గుమాస్తానే."

అలా ఉద్యోగం వచ్చింది. తర్వాత పదకొండేళ్లు ఆయన రాసిన ప్రతి ముక్కా ఆమె చేతి మీదుగానే మైకు దాకా వెళ్లింది. మేష్టారు బుధవారం కాగితాలు తెచ్చేవాడు. ఆమె స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద కొట్టి, తప్పులకు ఎర్రరంగు ద్రవం పూసి దిద్ది, చేత్తో తిప్పే మిషను మీద పన్నెండు కాపీలు తీసేది. గురువారం రిహార్సలు. శుక్రవారం సాయంత్రం ఏడున్నరకు ప్రసారం. అప్పట్లో ముందే రికార్డు చేసి దాచుకోవటాలు లేవు. నటులు మైకు ముందు నిలబడి చెబుతుంటే ఊళ్లో ఆ క్షణానే వినబడేది. ఎవరైనా దగ్గితే ఊరంతా దగ్గు విన్నట్టే.

మేష్టారు హాస్య నాటకాలు రాశాడు, కుటుంబ కథలు రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పదకొండో ఏడాది చలికాలంలో మాత్రం 'చెరువుగట్టు మేడ' అని పదమూడు వారాల భయానక నాటకం మొదలుపెట్టాడు. దాంతో ఊరు ఊరంతా ఆయన గుప్పిట్లోకి వచ్చింది.

కథ ఇది. చెరువు ఒడ్డున పాతకాలపు మేడ. అందులో చూపు పోయిన పెద్దమనిషి ఒకాయన, వంటమనిషి. ఆయనకు పుస్తకాలు చదివి వినిపించటానికి జీతానికి కుదిరి ఒక అమ్మాయి వస్తుంది. మొదటి రోజునే పై అంతస్తులో అడుగులు వినబడతాయి. ఏడడుగులు, ఒక మలుపు, మళ్లీ ఏడడుగులు. "పైన ఎవరున్నారు?" అంటే "ఎవరూ లేరు, ఆ గది తాళం వేసి పదకొండేళ్లయింది" అంటాడు పెద్దమనిషి. అది ఆయన చెల్లెలి గది. ఆవిడ చెరువులో మునిగి పోయిందని ఊరంతా చెప్పుకుంటారు. మరి ఆ అడుగులెవరివి?

ఆ అడుగులు మన మరిదివి. స్టూడియో మూలన అతనికి ఒక సామ్రాజ్యం ఉండేది. నూనె వేయకుండా కాపాడుకుంటూ వచ్చిన కిర్రుతలుపు, గాలి శబ్దానికి గుడ్డ చుట్టిన చెక్క పీపా, ఉరుముకు రేకు, కంకర పోసిన తొట్టె, నాలుగంటే నాలుగు మెట్లున్న చెక్క నిచ్చెనపెట్టె. మొదటి వారం అతను మేష్టార్ని అడిగాడు.

"ఆ పైన తిరిగే శాల్తీ కాళ్లకేమేసుకుంటుంది మేష్టారూ? బూట్లా, చెప్పులా?"

"ఏమీ లేదు. వట్టికాళ్లు."

అందుకని అతను ప్రతి శుక్రవారం చెక్క పలక మీద వట్టికాళ్లతో నడిచాడు. రెండో వారంలో అరికాల్లో చెక్క పేడు గుచ్చుకుంది. గుచ్చుకున్నా కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక వదిన సూదితో తీస్తుంటే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

టైపు బడి మూసేశాక వాళ్లుండేది బట్టలు కుట్టే దుకాణం పైన రెండు గదుల్లో. శుక్రవారం ఏడింటికే దుకాణం వాళ్లు మిషన్లు ఆపి పైకొచ్చేవారు. అత్తగారు రేడియో పక్కనే కుర్చీ వేసుకుని, బాగా వినబడే కుడిచెవి దానికి ఆనించి కూర్చునేది. నడుస్తున్నది తన కొడుకేనని ఆవిడకు తెలుసు. అయినా ఏడో అడుగు పడేసరికి పక్కనున్న టైలరు చెయ్యి గట్టిగా పట్టుకునేది. "వీడి మొహం మండ, ఎంత భయపెడుతున్నాడే" అనేది.

పన్నెండు వారాలు అలా గడిచాయి. ముగింపు ఏమిటన్నది మేష్టారు ఎవరికీ చెప్పలేదు. ప్రొడ్యూసరు అడిగినా చెప్పలేదు. పదమూడో వారం మంగళవారం పొద్దున, ముగింపు రాస్తూ రాస్తూ ఆయన కుర్చీలోంచి కిందపడ్డాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పడిపోయాయి.

బుధవారం పొద్దున ఆయన భార్య బల్ల మీదున్న కాగితాలు కవరులో పెట్టి స్టేషనుకు పంపింది. ఎప్పుడూ పద్నాలుగు పేజీలుండేవి. ఈసారి రాత నిండినవి ఏడే ఉన్నాయి. ఏడో పేజీలో చదివే అమ్మాయి మెట్ల కింద నిలబడి ఉంది, పెద్దమనిషి "ఎక్కడికి?" అన్నాడు, పైన అడుగులు మొదలయ్యాయి. ఎనిమిదో పేజీలో ఒక్క గీతే ఉంది. అది అక్షరంగా మొదలై, కిందికి జారి, కాగితం అంచు దాటిపోయింది. ఆ గీత చూడగానే వదినకు భర్త చేతిలోంచి జారిన రిబ్బను గుర్తొచ్చింది. కాగితాలు చేతిసంచీలో పెట్టుకుంది. తర్వాత లేచి ఆసుపత్రికి వెళ్లింది.

మేష్టారు వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. మనిషిని గుర్తుపట్టాడు. పెదవి ఒక పక్కకు లాక్కుపోయింది. ఆమె పరామర్శ మాటలు రెండు చెప్పింది. ఆయన కళ్లు ఆమె చేతిసంచీ మీదే ఉన్నాయి. నాటకం గురించే ఆలోచిస్తున్నాడని అర్థమైంది.

"మేష్టారూ, ఒక్క మాట. చెల్లెలు బతికుందా, పోయిందా?"

ఆయన ఏదో అన్నాడు. గొంతులో గాలి తప్ప మాట రాలేదు. ఆమె పెన్సిలు తీసి ఆయన ఎడమచేతిలో పెట్టి, కింద అట్ట పట్టుకుంది. ఆయన చెమటలు కక్కుతూ ఏదో గీశాడు. వంకర, దాని మీద అడ్డగీత, పక్కన సున్నా లాంటిది. ఆమె దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆయన రాత ఆమెకు అంతుపట్టలేదు.

ఆ సంగతి మొహంలో కనబడనివ్వలేదు. "సరే మేష్టారూ, అర్థమైంది. మీరు నిశ్చింతగా ఉండండి" అంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. అబద్ధమైతే చెప్పేసింది, ఇప్పుడేం చెయ్యాలి?

మధ్యాహ్నం ప్రొడ్యూసరు గదిలో సమావేశం. పెద్దమనిషి వేషం వేసే సీనియరు నటుడూ వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ముప్పై ఏళ్లుగా రేడియోలో తండ్రులూ తాతలూ జడ్జీలూ ఆయనే.

"ఆపేసి పాటలు వేద్దామంటే జనం వచ్చి స్టేషను గోడలు పీకుతారు. నాకొకటి తోస్తోంది. మేడకు నిప్పంటిద్దాం. అందరూ పోతారు. చిక్కు తీరిపోతుంది" అన్నాడు ప్రొడ్యూసరు.

"భేషుగ్గా ఉంది. మంటల్లో నాకొక మూడు నిమిషాల మాటలు పడాలి. చేసిన పాపం ఒప్పుకుంటూ" అన్నాడు పెద్దాయన.

"మంట చప్పుడుకు సెల్లోఫేన్ కాగితం నలిపితే సరిపోతుంది" అన్నాడు మరిది, తన పని గురించి మాత్రమే ఆలోచిస్తూ.

ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. నోట్సు రాసుకోవటానికి పిలిచారు తప్ప మాట్లాడమని కాదు.

"అలా కుదరదండీ" అంది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"చెల్లెలు బతికే ఉంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు కదా. ఐదో వారంలో వంటమనిషి నాలుగు పళ్లేలు కడిగింది. పదో వారంలో పెద్దమనిషి తాళాల గుత్తి తడిమి, ఒక తాళంచెవి తక్కువైందన్నాడు. అదెక్కడికి పోయిందో ఇంతవరకూ చెప్పలేదు. పైగా వట్టికాళ్లు. దయ్యానికైతే వట్టికాళ్లే కావాలని మేష్టారు ఎందుకు పట్టుబడతారు? ఆమె మనిషి. పదకొండేళ్లు గడప దాటని మనిషికి చెప్పులెందుకు?"

ప్రొడ్యూసరు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"మేష్టారు చెప్పారా?"

"మేష్టారు చెప్పగలిగే స్థితిలో లేరు. నేను టైపు చేశాను కాబట్టి నాకు తెలుసు."

"టైపు కొట్టటం వేరమ్మా, నాటకం రాయటం వేరు" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

"రేపు పొద్దున పదింటికి ఏడు పేజీలు తెస్తాను. బాగోకపోతే మేడ తగలబెట్టండి" అంది.

ఇంటికి వచ్చాక గాని తెలియలేదు, ఎంత మాట అనేసిందో. వంటగది బల్ల మీద కాగితాలు పరిచింది. కలం పట్టుకుంటే ఒక్క ముక్క రాలేదు. కాసేపటికి లేచి భర్త టైపు మిషను తెచ్చుకుని దాని ముందు కూర్చుంది. వేళ్లకు అలవాటైన పని దొరగ్గానే మాటలు కూడా కదిలాయి. అత్తగారు కూర తరుగుతూ ఓరగా చూసింది.

"ఏమే, కొంపదీసి ఆ పిల్లని చంపుతున్నావా?"

"లేదత్తయ్యా. బయటికి తెస్తున్నా."

"మరి అన్నగారు ఊరుకుంటాడా?"

"అసలు ఆయన ఎందుకు బంధించాడో అది తెలీటం లేదు. దుర్మార్గుడంటే సరిపోదు. చదివే అమ్మాయితో అంత ముద్దుగా మాట్లాడతాడు కదా."

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "ఒంటరిగా ఉండలేక అయ్యుంటుంది. మీ ఆయన పోయినప్పుడు నువ్వెక్కడ మీ అమ్మ దగ్గరికి పోతావోనని నీ పెట్టె తాళంచెవి దాచాను. నీకు తెలీదు."

ఆమె టైపు కొట్టటం ఆపింది. ఆ తాళంచెవి కోసం అప్పట్లో వారం రోజులు వెతికింది.

"చివరికి బియ్యం డబ్బాలో దొరికిందిగా?"

"నేనే పెట్టాను. సిగ్గేసి" అంది అత్తగారు, మళ్లీ కత్తి అందుకుంటూ.

 ఆమె తిరిగి మిషను వైపు వంగింది. తెల్లవారి పదింటికి మాటిచ్చినట్టు ఏడు పేజీలూ ప్రొడ్యూసరు బల్ల మీదున్నాయి. ఆయన చదివాడు. చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. "స్టెన్సిల్ కొట్టండి వదినగారూ" అన్నాడు.

రిహార్సలులో పెద్దాయన చివరి పేజీ ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఇక్కడ నా మాటలేవీ?"

"లేవండీ. ఆవిడ వెళ్లిపోతుంది. మీరు కూర్చునుంటారు."

"కూర్చుంటే రేడియోలో వినబడుతుందా? పదమూడు వారాలు మోశాను ఈ నాటకాన్ని. చివర్లో నోరు మూసుకు కూర్చోమంటావా?"

"మీరు మూసుకుంటేనే జనం వింటారండీ" అంది. ఆయన కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరిది కష్టం వేరు. మేడకు ఇరవై మెట్లని నాలుగో వారంలోనే చెప్పేశారు. అతని పెట్టెకున్నవి నాలుగు. "నాలుగు దిగాక మళ్లీ పైకెక్కాలి కదా వదినా, ఎక్కే చప్పుడు వినబడదూ?" అన్నాడు. ఆమె అప్పటికే ఆ లెక్క చూసుకుంది. నాలుగు మెట్లకొకసారి ఎవరో ఒకరు మాట్లాడేటట్టు రాసింది. ఆ మాట సాగుతున్నంతసేపూ అతను పక్కనున్న దుప్పటి మీద కాలేసి, చప్పుడు కాకుండా పైకెక్కాలి. గురువారమంతా అదే సాధన చేశాడు. సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి.

శుక్రవారం ఏడుంపావుకు ఆమె స్టూడియో అద్దం వెనక ప్రొడ్యూసరు పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏడున్నరకు ప్రసారపు ఎర్రదీపం వెలిగింది.

మొదటి సగం మేష్టారిది. సాఫీగా నడిచింది. మెట్ల కింద అమ్మాయి నిలబడింది. పెద్దమనిషి "ఎక్కడికి?" అన్నాడు. పైన ఏడడుగులు, మలుపు. మళ్లీ ఏడడుగులు పడాలి. పడలేదు. తలుపు కిర్రుమంది.

నాలుగు మెట్లు.

"ఎవరది? పైన తాళం వేసుంది కదా!"

నాలుగు మెట్లు.

"తాళం తీసి మూడు వారాలైందండీ. ఆవిడ ఆలోచించుకుంటానంది."

నాలుగు మెట్లు.

"అమ్మాయ్, నీకు తెలీదు. నా చూపు పోతోందని డాక్టరు చెప్పిన రోజునే అది ఇల్లు వదిలి చదువుకోవటానికి పోతానంది. నేనేమైపోవాలి? ఊరికి ఏదో ఒకటి చెప్పాలి కదా. చెరువని చెప్పాను."

నాలుగు మెట్లు.

"పదకొండేళ్లండీ."

చివరి నాలుగు. ఇక నేల మీద నడక. వట్టికాళ్లు పెద్దమనిషి కుర్చీ దాకా వచ్చి ఆగాయి. స్క్రిప్టు ప్రకారం రెండు క్షణాల మౌనం, తర్వాత అడుగులు గుమ్మం వైపు వెళ్లాలి. మరిది కదిలాడు. రెండడుగులు వేశాడు.

అప్పుడు పెద్దాయన మైకు దగ్గరికి వంగాడు. స్క్రిప్టులో ఆయనకేమీ లేదు. ప్రొడ్యూసరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆమె అద్దానికి నుదురు ఆనించింది. అయిపోయింది, పాపాలన్నీ ఒప్పుకుంటాడు, మూడు నిమిషాలు వదలడు అనుకుంది.

పెద్దాయన చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"బయట చలి. శాలువా కప్పుకెళ్లు."

మరిది గాల్లోకెత్తిన కాలు అలాగే ఉంచేశాడు. ఒక్క క్షణం. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెనక్కి రెండడుగులు వేసి, మెట్లెక్కటానికి వాడిన ఆ దుప్పటినే అందుకుని మైకు ముందు మెల్లగా దులిపాడు. మళ్లీ తిరిగి నడిచాడు. గుమ్మం. కంకర తొట్టె. వట్టికాళ్లతో కంకర మీద నడక, దూరంగా, ఇంకా దూరంగా. గేటు గడియ. అంతే. ఎర్రదీపం ఆరిపోయింది.

 పెద్దాయన బయటికొచ్చి ఆమె ముందు ఆగాడు.

"ఒక ముక్క కలిపాను. కోప్పడతావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వు నోరు మూసుకోమన్నది మంచిదే. అంతసేపు మూసుకోకపోతే ఆ ముక్క నాకు తోచేది కాదు" అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లింది. వార్డులో నర్సు రేడియో తెచ్చి పెట్టిందట, పద్దెనిమిది మంచాలూ విన్నాయట. మేష్టారు ఆమెను చూసి ఎడమచెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి కొట్టటానికో దీవించటానికో ఆమెకు తెలియలేదు. దగ్గరికి వెళ్తే వేలు పట్టుకుని వదల్లేదు. కంట్లో నీళ్లున్నాయి. అవి ఎందుకన్నది కూడా అప్పట్లో తెలియలేదు.

మాట రావటానికి రెండు నెలలు పట్టింది. ముద్దముద్దగానైనా అర్థమయ్యేలా మాట్లాడటం మొదలుపెట్టాక తన ఇంటికి వచ్చిన ఆమెతో ఆయన మొదట చెప్పింది ఇది.

"చెల్లెలు... బతికి లేదు. ఎప్పుడో మునిగిపోయింది. దయ్యం."



"మరి వట్టికాళ్లన్నారు కదా మేష్టారూ?"

"నీళ్లల్లో మునిగినప్పుడు చెప్పులు ఊడిపోతాయి కదా."

"నాలుగు పళ్లేలు?"

ఆయన గుర్తు తెచ్చుకోవటానికి చాలాసేపు ప్రయత్నించాడు. "లెక్క తప్పాను."

"తాళంచెవి?"

"అదెప్పుడు పోయింది? నేనలా రాయలేదే."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆయనే. సగం మొహమే నవ్వింది, అయినా కుర్చీ ఊగిపోయింది. ఆయన భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, మళ్లీ ఏమైందోనని. రెండు నెలల్లో ఆయన నవ్వటం ఆవిడ చూసింది అదే మొదటిసారి.

"నీదే బాగుందమ్మాయ్. ఆ శాలువా ముక్క ఒక్కటి చెప్పు, అదీ నీదేనా?" అన్నాడు మేష్టారు.

"పెద్దాయనది."

"ఛ. నాదై ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఈలోగా స్టేషనుకు ఉత్తరాల సంచులు వచ్చిపడ్డాయి. దయ్యం లేదని తిట్టినవాళ్లు కొందరున్నారు. పన్నెండు వారాలు దీపం ఆర్పకుండా పడుకున్నామని, పదమూడో వారం హాయిగా నిద్రపట్టిందని ఒక రైల్వే ఉద్యోగి రాశాడు. కానీ సగానికి సగం ఉత్తరాల్లో ఒకటే ప్రశ్న. గేటు దాటి ఆవిడ ఎటు వెళ్లింది?

మేష్టారు ఎడమచేత్తో రాయటం నేర్చుకున్నాడు. ఒకటో తరగతి పిల్లల రాతలా గుండ్రంగా, విడివిడిగా, ముత్యాల్లా ఉండేది. స్టేషనులో ఎవరైనా చదవగలిగేలా ఉంది. మొదటిసారి ఆ కాగితాలు చూసినప్పుడు ఆమెకు సంతోషంతో పాటు గుబులూ పుట్టింది. ఇక తన అవసరమేముంది? ఆ మాటే ప్రొడ్యూసరు ముందు అనేసింది.

"నిజమే. టైపు కొట్టటానికి ఇంకొకర్ని తీసుకుంటాం. మీరు ఆ ఉత్తరాలకు సమాధానం రాయండి" అన్నాడాయన.

"ఇన్ని ఉత్తరాలకా?"

"ఒక్కొక్కదానికి కాదు వదినగారూ. అన్నిటికీ కలిపి, పదమూడు వారాల్లో."

వారానికి మూడు రోజులు మేష్టారి ఇంటికి వెళ్లేది. ఇద్దరూ వాదించుకుంటూ రాశారు. ఆయన ప్రతి రెండో వారం ఎవరో ఒకర్ని చంపుదామనేవాడు. ఆమె వద్దనేది. చివరికి ఒప్పందం కుదిరింది. ఒక ముసలి దొంగను పోనిచ్చారు, అదీ నిద్రలో, సుఖంగా.

కొత్త నాటకం మొదటి వారం ప్రకటనలో రచయితల పేర్లు రెండు చదివారు. మొదటిది మేష్టారిది. రెండోది వినగానే కాపలా ముసలాయన పక్కనున్నవాణ్ణి అడిగాడు, "ఈవిడెవరో కొత్తావిడా?" అని. ఆఫీసులో సగం మందికి అదే అనుమానం. ఆమె అసలు పేరు వాళ్లెవరూ ఎప్పుడూ వినలేదు.

తర్వాత పంతొమ్మిదేళ్లు రాసింది. మేష్టారున్నంత కాలం ఆయనతో, తర్వాత ఒంటరిగా. మరిదికి పెళ్లైంది. అత్తగారు ఎనభై దాటాక కుడిచెవి కూడా తగ్గింది. అప్పటి నుంచి ప్రతి బుధవారం సాయంత్రం, స్టేషనుకు ఇవ్వకముందే ఆ వారం భాగాన్ని ఆమె అత్తగారికి గట్టిగా చదివి వినిపించేది. కింద దుకాణంలో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయేవి. శుక్రవారం దాకా ఆగలేని టైలర్లు మెట్ల మీద వరసగా కూర్చుని, ఎవరికీ చెప్పబోమని ఒట్టేసి, వినేవారు.